గోపాల్‌పూర్‌లో శుక్రుణ్ణి చూడాలంటే సముద్రానికి వీపు పెట్టండి

గోపాల్‌పూర్ బీచ్‌లో సాయంత్రం ముంత మసాలా పొట్లం పట్టుకుని, సముద్రం వైపు తిరిగి కూర్చుని, "ఏదో గ్రహం తెగ మెరుస్తోందట, ఎక్కడండీ?" అని ఆకాశమంతా గాలించేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అటు వెతికితే అర్ధరాత్రయినా దొరకదు. మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేచి ఊళ్ల వైపు, కొండల వైపు దిగుతాడు. సాయంత్రం పూట మెరిసే శుక్రుడు సూర్యుడి వెనకాలే దిగుతాడు కాబట్టి చూడాల్సింది బరంపురం రోడ్డు వైపు, అంటే సముద్రానికి వీపు పెట్టి. ఇది ఒక్కటి సరిచేసుకుంటే సగం పని అయిపోయినట్టే.

మిగతా సగం కోసం ఇది రాస్తున్నాను. ఒడిశాలో బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, జయపురం వైపు ఉన్న మన తెలుగువాళ్లని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా, అటు మహారాష్ట్రలో సిరొంచ, నాందేడ్ వైపు ఉన్నవాళ్లకీ అంతా వర్తిస్తుంది, గడియారం ఒక్కటే కొంచెం మారుతుంది, ఆ సంగతి కింద చెప్తాను. టెలిస్కోప్ అక్కర్లేదు. ఊరి బయటికి పోనక్కర్లేదు. వీధి లైట్లు వెలిగే ఊళ్లో మేడ మీంచి కూడా శుభ్రంగా కనబడేంత వెలుగు అది.

సూర్యుడు, చంద్రుడు తర్వాత ఆకాశంలో అంత వెలుగున్నది శుక్రుడికే. దాని చుట్టూ దట్టంగా మబ్బులు, మన మబ్బుల్లా నీళ్లవి కావు, సల్ఫ్యూరిక్ ఆమ్లపు మబ్బులు, అవి తమ మీద పడిన సూర్యకాంతిలో దాదాపు ముప్పావు వంతు వెనక్కి కొట్టేస్తాయి. పైగా మనకి బాగా దగ్గరికి వచ్చే గ్రహం అదే. రాత్రి నక్షత్రాల్లో అన్నిటికంటే ప్రకాశమైన సిరియస్ కంటే, అంటే మృగవ్యాధుడి కంటే, శుక్రుడి వెలుగు పది రెట్ల పైమాటే.

కానీ ఇంత వెలుగున్నా ఏ రోజు పడితే ఆ రోజు, ఎక్కడ పడితే అక్కడ కనబడదు. శుక్రుడు తిరిగే దారి మన భూమి దారికి లోపల ఉంది. అందుకని మనం చూస్తే ఎప్పుడూ సూర్యుడి దరిదాపుల్లోనే కనబడతాడు, ఎంత దూరం జరిగినా 47 డిగ్రీలు దాటడు. కొన్ని నెలలు సూర్యుడి కంటే వెనక అస్తమిస్తాడు, అప్పుడు సాయంత్రం పడమట కనబడతాడు. కొన్ని నెలలు సూర్యుడి కంటే ముందు ఉదయిస్తాడు, అప్పుడు మన వేగుచుక్క అతనే. రాత్రి పదకొండు గంటలకి నడినెత్తిన మెరుస్తున్నది మీకు ఎవరు ఎంత గట్టిగా చెప్పినా శుక్రుడు కాదు, ఆ చర్చ అక్కడితో ఆపేయొచ్చు.

ముందు పంచాంగం తీయండి

యాప్ డౌన్‌లోడ్ చేసుకునే ముందు ఇంట్లో గోడకి వేలాడే పంచాంగం చూడమంటాను. పెళ్లిళ్లు పెట్టుకునేవాళ్లు టెన్షన్ పడే మూఢం ఉంటుంది కదా, శుక్ర మౌఢ్యం, దాన్ని శుభం అశుభం అన్న లెక్కలో నమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం, ఆకాశం లెక్కలో మాత్రం అది అచ్చమైన సమాచారం. శుక్రుడు సూర్యుడికి మరీ దగ్గరగా వచ్చి, ఆ వెలుగులో కలిసిపోయి కంటికి ఆనని రోజులే మూఢం. అంటే మూఢంలో వెతకడం దండగ. మూఢం వెళ్లిపోతే శుక్రుడు ఏదో ఒక వైపు కనబడాలి.

ఏ వైపు అన్నది మూఢం ఎంత పొడుగో చూస్తే తెలిసిపోతుంది, ఇది చాలామంది గమనించరు. మూఢం రెండు నెలలకి పైగా సాగిందంటే శుక్రుడు సూర్యుడికి అవతల వైపు, మనకి దూరంగా ఉన్నాడని అర్థం. అక్కడ మెల్లగా కదులుతున్నట్టు కనబడతాడు కాబట్టి బయటపడటానికి అన్నాళ్లు పడుతుంది, బయటపడేది సాయంత్రం పడమట. అదే వారం పది రోజుల పొట్టి మూఢం అయితే శుక్రుడు మనకీ సూర్యుడికీ మధ్యనుంచి చకచకా దాటిపోతున్నాడు, ఆ తర్వాత తెల్లవారుజామున తూర్పున లేస్తాడు. పెద్ద మూఢం తర్వాత సాయంత్రం, చిన్న మూఢం తర్వాత తెల్లవారుజాము. గురు మూఢంతో కలపకండి, అది వేరు, గురుడు మూఢం నుంచి బయటికి వచ్చేది ఎప్పుడూ తెల్లవారుజామునే.

ఉదాహరణకి 2025 నవంబరు చివర మొదలై 2026 ఫిబ్రవరి మధ్య దాకా నడిచిన మూఢం అందరికీ గుర్తుంటుంది, మాఘమాసం పెళ్లిళ్లకి అడ్డం పడింది అదే. శుక్రుడు సూర్యుడికి సరిగ్గా అవతలికి చేరింది 2026 జనవరి 6న. అది పెద్ద మూఢం, కాబట్టి తర్వాత వచ్చేది సాయంత్రాల కాలం.

2026 సాయంత్రాలు ఎలా నడుస్తాయంటే, మార్చి మధ్యలో సూర్యుడు దిగిన గంట పైచిలుకుకే శుక్రుడూ దిగిపోతాడు, చాలా కిందుగా ఉంటాడు, చెట్లు అడ్డం లేకపోతేనే దొరుకుతాడు. ఏప్రిల్ చివరికి దాదాపు రెండు గంటలు. మే నెల మనకి అన్నిటికంటే మంచి నెల. వేడికి ఎలాగూ మేడెక్కుతాం, కరెంటు పోతే ఇంకా మంచిది, మబ్బులు ఉండవు, శుక్రుడు కూడా రెండు గంటలకి పైగా పైనే ఉంటాడు. మే 18, 19 సాయంత్రాల్లో సన్నటి నెలవంక దాని పక్కకే వస్తుంది, కొత్తగా చూసేవాళ్లు ఆ రెండు రోజుల్లో ఒకటి పట్టుకుంటే ఇక గుర్తుపట్టడం గురించి ఎవర్నీ అడగక్కర్లేదు. జూన్ 17న మళ్లీ అలాగే.

జూన్ 9న శుక్రుడూ గురుడూ పక్కపక్కన. చెయ్యి చాచి బొటనవేలు నిలబెడితే ఇద్దరూ ఆ వేలి చాటుకి వెళ్లిపోయేంత దగ్గర, ఒకటిన్నర డిగ్రీ పైన అంతే. ఎక్కువ వెలుగున్నది శుక్రుడు, రెండోది గురుడు. జూన్ మధ్యలో వాళ్లిద్దరికీ కింద, నేల ఆకాశం కలిసే గీతకి దగ్గరగా, బుధుడు కూడా దొరుకుతాడు. చిక్కల్లా ఏమిటంటే జూన్ రెండో వారం అంటే మనకి రుతుపవనాలు గుమ్మంలో నిలబడే రోజులు. అందుకే 9వ తేదీ కోసం కాచుకుని కూర్చోకుండా జూన్ 4, 5 నుంచే రోజూ ఓ కన్ను వేయండి, ఇద్దరూ రోజురోజుకీ దగ్గరవడం చూడటమే అసలు మజా, ఆ ఒక్క రోజు మబ్బు పట్టినా నష్టం లేదు.

ఆగస్టు 15న శుక్రుడు సూర్యుడి నుంచి ఎక్కువలో ఎక్కువ దూరం జరుగుతాడు. పుస్తకం లెక్కకి అదే మంచి సమయం, మన లెక్కకి కాదు, ఆ నెలలో గంజాంలో, గజపతిలో ఆకాశం ఎన్ని సాయంత్రాలు తెరిపి ఇస్తుందో మీకు తెలియంది కాదు. అయినా వాన వెలిసిన సాయంత్రం గాలి కడిగినట్టుంటుంది, దుమ్మూ పొగా ఉండవు, పడమట మబ్బుల మధ్య చిన్న ఖాళీ దొరికినా చాలు. సెప్టెంబరులో, వినాయక చవితి పందిళ్ల రోజులు దాటాక, శుక్రుడి వెలుగు పతాక స్థాయికి చేరుతుంది. అక్కడినుంచి మాత్రం చూస్తూ చూస్తూ కిందికి జారిపోతాడు. అక్టోబరు 24న మనకీ సూర్యుడికీ మధ్యకి వస్తాడు, అంటే పొట్టి మూఢం, ఆ తర్వాత వేగుచుక్క. నవంబరు నుంచి చూడాలంటే అలారం పెట్టుకోవాల్సిందే.

పిడికిలితో కొలవడం

"కొంచెం పైన చూడు", "ఆ కొబ్బరి చెట్టు మీద" అని చెప్తే ఇద్దరు మనుషులు రెండు చోట్ల చూస్తారు. చెయ్యి పూర్తిగా చాచి, పిడికిలి బిగించి, ఒక కన్ను మూసి చూడండి. బొటనవేలు పక్కన పెడితే పిడికిలి అడ్డంగా సుమారు 10 డిగ్రీలు. చిటికెన వేలు 1 డిగ్రీ. పిల్లల చెయ్యి చిన్నది, కానీ చాచినప్పుడు పొడుగూ తక్కువే, కాబట్టి లెక్క వాళ్లకీ ఇంచుమించు సరిపోతుంది. నేల ఆకాశం కలిసే గీత మీద ఒక పిడికిలి, దాని మీద రెండోది, అలా పేర్చుకుంటూ వెళ్లాలి, రెండో చెయ్యి తెచ్చి పైన పెట్టి మొదటిది తీస్తూ. నడినెత్తికి వెళ్లేసరికి తొమ్మిది పిడికిళ్లు.

ఇక్కడ రెండు లెక్కలు గుర్తుపెట్టుకుంటే చాలు. శుక్రుడు సూర్యుడి నుంచి ఎప్పుడూ అయిదు పిడికిళ్ల లోపే ఉంటాడు. రెండోది, ఆకాశం ఒక పిడికిలి దిగడానికి సుమారు 40 నిమిషాలు పడుతుంది. కాబట్టి శుక్రుడు రెండు పిడికిళ్ల ఎత్తులో ఉంటే అస్తమించడానికి ఇంకా గంటా ఇరవై నిమిషాలు ఉంది, నిదానంగా టీ తాగి పిల్లల్ని కూడా పిలుచుకుని రావచ్చు. అర పిడికిలే ఉంటే చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తండి.

ఖండపడాలో పుట్టిన సామంత చంద్రశేఖరుణ్ణి, ఒడిశాలో అందరూ పఠాణి సామంత అంటారు, ఇక్కడ తలుచుకోకుండా ఉండలేను. 1835లో పుట్టి 1904లో పోయారు. దూరదర్శిని లేకుండా, వెదురుతో, కర్రతో స్వయంగా చేసుకున్న పరికరాలతో, కంటి చూపుతో గ్రహాల కొలతలు తీసిన మనిషి. భువనేశ్వర్‌లో ప్లానిటోరియంకి ఆయన పేరే పెట్టారు. మనం పిడికిలి చాచి చూసేది ఆయన చేసిన పనికి బాగా మోటు రూపం, అంతే. ఇటు విశాఖపట్నంలో అంకితం వెంకట నర్సింగరావు గారు 1874లో సూర్యబింబం మీంచి శుక్రుడు దాటిపోవడాన్ని తన సొంత వేధశాల నుంచి గమనించారు. అలాంటి దాటడం మనం 2004లో, 2012లో చూశాం, మళ్లీ 2117 డిసెంబరులోనే, కాబట్టి దాని గురించి ఇక్కడితో సరి.

ఏ టైముకి చూడాలి

సూర్యుడు పూర్తిగా దిగిన 20 నిమిషాల నుంచి 40 నిమిషాల మధ్య. అంతకు ముందు ఆకాశం మరీ తెల్లగా ఉంటుంది, అనుభవం వచ్చాక సూర్యుడు దిగిన అయిదు నిమిషాలకే పట్టేయొచ్చు గానీ మొదటిసారికి వద్దు. మరీ ఆలస్యం చేస్తే ఇళ్ల చాటుకి, కొండ చాటుకి పోతాడు.

సూర్యాస్తమయం టైము మాత్రం మీ ఊరిదే చూసుకోండి, టీవీలో హైదరాబాద్ టైమో భువనేశ్వర్ టైమో కాదు. దేశం మొత్తానికీ గడియారం ఒకటే, ఆ గడియారం పెట్టుకున్న 82.5 డిగ్రీల రేఖ కోరాపుట్ జిల్లా జయపురానికి కాస్త పడమరగా పోతుంది. బరంపురం ఆ రేఖకి తూర్పున ఉంది, కాబట్టి అక్కడ సూర్యుడు తొమ్మిది నిమిషాలు ముందే దిగుతాడు. సిరొంచ పడమరన ఉంది, అక్కడ పది నిమిషాలు ఆలస్యం. నాందేడ్‌లో ఇరవై నిమిషాలు ఆలస్యం. అంటే బరంపురంలో ఉన్న అక్క నాందేడ్‌లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి "కనబడుతోందిరా, చూడు" అంటే, తమ్ముడికి ఇంకా ఎండే ఉంటుంది, అరగంట ఆగాలి. జూన్ 9న బరంపురంలో సూర్యుడు దిగేది ఆరున్నరకి ఒకటి రెండు నిమిషాలు ముందు, నాందేడ్‌లో ఏడుకి ఒకటి రెండు నిమిషాలు ముందు. శుక్రుడు సాయంత్రం కనబడే ఏడాదిలో నవంబరు చివర్లో అయితే బరంపురంలో అయిదుంపావు లోపే చీకటి మొదలవుతుంది, ఆఫీసు నుంచి వచ్చి చూద్దాం అనుకుంటే కుదరదు.

ఒక జాగ్రత్త, ఇది మాత్రం నవ్వులాట కాదు. సూర్యుడు పూర్తిగా దిగే దాకా బైనాక్యులర్ బయటికి తీయకండి, పిల్లల చేతికి అసలు ఇవ్వకండి. శుక్రుడు సూర్యుడికి దగ్గర్లోనే ఉంటాడు కాబట్టి వెతుకుతూ వెతుకుతూ అద్దాల్లోంచి సూర్యుడి మీదికి వెళ్లిపోవడం చాలా తేలిక, ఒక్క క్షణం చాలు కన్ను పోవడానికి.

ఎక్కడ నిలబడాలి, ఎటు చూడాలి

పడమర అంటే సరిగ్గా సూర్యుడు దిగే చోటు అనుకుంటాం గానీ ఆ చోటు ఏడాదంతా జరుగుతూ ఉంటుంది. మన దగ్గర జూన్‌లో అసలు పడమరకి రెండున్నర పిడికిళ్లు కుడికి, అంటే ఉత్తరానికి, డిసెంబరులో రెండున్నర పిడికిళ్లు ఎడమకి. అందుకని దిక్సూచి కంటే మంచి పద్ధతి, సూర్యుడు దిగుతున్నప్పుడు మీ మేడ మీంచి ఏ వాటర్ ట్యాంకు పక్కన, ఏ సెల్ టవర్ పక్కన దిగాడో గుర్తుపెట్టుకోవడం. అక్కడినుంచి పైకి, కొంచెం ఎడమకి చూపు జరపండి. మన అక్షాంశంలో ఆకాశం నిట్టనిలువుగా దిగదు, కుడి వైపుకి వాలుతూ దిగుతుంది, కాబట్టి సూర్యుడి వెనక వచ్చేవాళ్లు ఎడమ పక్క పైనే ఉంటారు. మే చివరి రోజుల్లో సూర్యుడు దిగిన అరగంటకి శుక్రుడు ఆ గుర్తు మీద రెండున్నర పిడికిళ్ల ఎత్తులో, కాస్త ఎడమగా. ఆగస్టులో ఎత్తు ఇంచుమించు అంతే గానీ ఇంకా బాగా ఎడమకి జరిగి ఉంటాడు.

పర్లాకిమిడి, గుణుపూర్ వైపు కొండల మధ్య ఊళ్లకి ఒక సమస్య ఉంది. కొండ అర పిడికిలి ఎత్తుంటే మీకు 20 నిమిషాలు పోయినట్టే, పిడికిలి ఎత్తుంటే 40. మార్చిలో ఆ కాస్త టైమే ఉంటుంది కాబట్టి కొండ నీడలో ఉన్నవాళ్లు ఏప్రిల్ దాకా ఆగడమే నయం. లేదా మేడ ఎక్కండి, లేదా కొండే ఎక్కండి. కోరాపుట్ పట్నం సముద్ర మట్టానికి 850 మీటర్ల పైన ఉంది, అక్కడ గాలి పల్చన, ఆకాశం నలుపు. దేవమాలి వైపు వెళ్లగలిగినవాళ్లు, అది 1672 మీటర్లు, ఒడిశాలో అంతకంటే ఎత్తు ఇంకేమీ లేదు, వాళ్లకి నేను చెప్పాల్సిందేమీ లేదు. కాకపోతే మార్చి ఏప్రిల్లో పోడు మంటలు, ఇప్ప పువ్వు ఏరడానికి ఆకులు కాల్చే పొగ ఆ కొండలంతా కమ్మేస్తుంది. గడ్చిరోలి అడవుల్లోనూ ఇదే తంతు. పొగలోంచి చూస్తే శుక్రుడు కూడా ఎర్రగా, మందంగా కనబడి కుజుడేమో అనిపిస్తాడు.

సిరొంచ వాళ్లు ఈ విషయంలో అదృష్టవంతులు. ప్రాణహిత వాళ్లకి పడమటి వైపే పారుతుంది, ఒడ్డున నిలబడితే నది మీద, అవతలి తెలంగాణ గట్టు దాకా అడ్డమే లేదు. పొలం గట్ల మీద నిలబడి చూసేవాళ్లు వానాకాలంలో టార్చి పట్టుకెళ్లండి, పైకి చూస్తూ పాముల మీద అడుగు వేయకండి.

అది నిజంగా శుక్రుడేనా

మొన్న వేసవిలో మా వీధిలో ఒకావిడ మేడ మీద వడియాలు ఎత్తుతూ కేకేసింది, "ఏటది బాబూ, డ్రోనా? అక్కడే నిలబడిపోనాది, కదల్దేటి?" కదలకపోవడమే గుర్తు పిన్నీ, ఓ పదినిమిషాలు చూడు అన్నాను. పిట్టగోడ మీద గడ్డం ఆనించి, విద్యుత్ తీగకి సరిగ్గా పైన ఆ వెలుగు పెట్టుకుని చూసింది. కాసేపటికి అది తీగ దాటి కిందికి వచ్చేసింది. "కదిల్తంది, కదిల్తంది" అంది. నిజానికి అంతకంటే మంచి పరీక్ష లేదు. ఏదైనా తీగకో గోడ అంచుకో ఆనించి చూస్తే, గ్రహమైతే పది నిమిషాల్లో రెండు చిటికెన వేళ్ల పైనే దిగుతుంది. విమానమైతే ఆ లోపు వెళ్లిపోతుంది, డ్రోన్ అయితే అటూ ఇటూ జరుగుతుంది, రంగు లైట్లు ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. నిలకడగా వెలుగుతూ అయిదారు నిమిషాల్లో ఆకాశం ఈ చివర నుంచి ఆ చివరకి పోయేది అంతరిక్ష కేంద్రం, అది వేరే సరదా.

నక్షత్రం మిణుకుమంటుంది, గ్రహం మిణుకుమనదు అని బళ్లో చెప్తారు. అది నిజమే, నక్షత్రం ఎంత పెద్దదైనా మన కంటికి ఒక చుక్కే, గాలి కదిలితే ఆ సన్నటి వెలుగు చెదురుతుంది. గ్రహానికి చిన్నదే అయినా ఒక బింబం ఉంది, దానిలో ఒక భాగం చెదిరినా ఇంకో భాగం నిలుస్తుంది. కానీ ఈ సూత్రం బాగా పైన ఉన్నప్పుడే పనిచేస్తుంది. నేల ఆకాశం కలిసే గీతకి ఒక పిడికిలి లోపల ఉంటే శుక్రుడు కూడా ఎరుపూ పచ్చా నీలం తిప్పుతూ కొట్టుకుంటాడు. ఊళ్లో "రంగులు మార్చే వింత వస్తువు" అని వీడియోలు తిరిగేది చాలాసార్లు ఇలాంటప్పుడే.

గురుడితో పొరపాటు పడేవాళ్లే ఎక్కువ. గురుడు కూడా బాగా మెరుస్తాడు, కానీ అతను మన దారికి బయట తిరుగుతాడు కాబట్టి ఆకాశంలో ఎక్కడైనా ఉండొచ్చు, నడినెత్తిన, తూర్పున, అర్ధరాత్రి, ఎప్పుడైనా. సూర్యుడు దిగుతుండగా తూర్పున లేచే గ్రహం ఎప్పుడూ బయటి దారి గ్రహమే, గురుడో, కుజుడో, శనో. 2026 జనవరి 10న గురుడు, అక్టోబరు 4న శని అలా సూర్యుడికి ఎదురుగా ఉంటారు, 2027 ఫిబ్రవరిలో గురుడూ కుజుడూ ఇద్దరూ. ఫిబ్రవరి, మార్చి సాయంత్రాల్లో దక్షిణాన ఎత్తుగా టపటపా కొట్టుకునే తెల్లటిది సిరియస్, అది గ్రహమే కాదు.

ఒడియా పిల్లలు సంజ తారా అనీ, మరాఠీ వాళ్లు శుక్రాచీ చాందణీ అనీ అడిగితే ఇదే చూపించండి.

బైనాక్యులర్ ఉంటే, ఫోనే ఉంటే

ఇంట్లో 7x50 గానీ 10x50 గానీ బైనాక్యులర్ ఉంటే 2026 సెప్టెంబరు చివర, అక్టోబరు మొదటి రోజులు వదులుకోవద్దు. శుక్రుడు మనకి దగ్గరవుతున్న కొద్దీ బింబం పెద్దదవుతుంది, వెలుగు పడే భాగం మాత్రం సన్నబడుతుంది, చివరికి గోరు కత్తిరించిన ముక్కంత వంకగా మిగులుతుంది. 1610లో గెలీలియో తన దూరదర్శినితో చూసి, శుక్రుడు సూర్యుడి చుట్టూ తిరుగుతున్నాడని పట్టుకుంది ఈ కళల వల్లే. చీకటి పడ్డాక చూస్తే వెలుగు కళ్లు చెదరగొట్టి ఆకారం తెలియదు, సూర్యుడు దిగిన పది పదిహేను నిమిషాలకి, ఆకాశం ఇంకా నీలంగా ఉండగానే చూడాలి. చేతులు వణికితే ఏమీ కనబడదు, మోచేతులు పిట్టగోడ మీద ఆనించండి, లేకపోతే తలుపుకి వీపు ఆనించి నిలబడండి. మే నెలలో అదే బైనాక్యులర్‌తో చూస్తే గుండ్రంగానే ఉంటాడు, వంక కనబడలేదని అద్దాలు తిట్టుకోకండి. అప్పుడు గురుడి వైపు తిప్పండి, పక్కనే ఒక గీత మీద నిలబడ్డట్టు రెండు మూడు, ఒక్కోసారి నాలుగు చుక్కలు కనబడితే అవి గురుడి చంద్రుళ్లు, మర్నాటికి చోట్లు మారిపోతాయి.

ఫోన్‌లో స్టెల్లారియం లాంటి యాప్ పెట్టుకోవచ్చు, బాగానే ఉంటాయి. కానీ ఫోన్ దిక్సూచి ఇనుము దగ్గర తప్పు చూపిస్తుంది, స్లాబు మీద పైకి లేచిన ఇనుప చువ్వల పక్కన, బైక్ మీద కూర్చుని, ఇనుప గేటు దగ్గర చూస్తే పడమర ఎటో పోతుంది. నాలుగడుగులు అవతలికి జరిగి, ఫోన్‌ని గాల్లో ఎనిమిది అంకెలా తిప్పితే సర్దుకుంటుంది. ఫొటో తీయాలంటే జూమ్ చేయకండి. జూమ్ చేసినప్పుడు పెద్ద గుండ్రంగా, లోపల గీతలతో కనబడేది గ్రహం కాదు, ఫోకస్ తప్పిన వెలుగు. జూమ్ లేకుండా, ఫోన్ని గోడకి ఆనించి, తెర మీద శుక్రుణ్ణి వేలితో తాకి వెలుగు తగ్గించి, కింద కొంచెం కొబ్బరి చెట్లో గుడి గోపురమో వచ్చేలా తీస్తే చాలా బాగా వస్తుంది, నెలవంక పక్కనున్న రోజయితే ఇంకా.

2026ది తప్పిపోతే కంగారేమీ లేదు. శుక్రుడి ఆట దాదాపు సరిగ్గా ఎనిమిదేళ్లకోసారి అవే తేదీల దగ్గర మళ్లీ అలాగే జరుగుతుంది, ఆ మధ్యలో అయిదు చుట్లు పూర్తవుతాయి, ఒక్కోటి 584 రోజులు. 2020 మార్చి 24న, లాక్‌డౌన్ ప్రకటించిన రోజు, శుక్రుడు సాయంత్రం ఆకాశంలో సూర్యుడికి అత్యంత దూరంగా ఉన్నాడు, ఆ రోజుల్లో మేడలెక్కినవాళ్లు పడమట ఆ వెలుగు చూసే ఉంటారు. ఏప్రిల్ మొదటి వారంలో కృత్తికల గుంపులోంచి దాటాడు కూడా. 2012లోనూ అంతే. 2028లోనూ అంతే జరుగుతుంది, 2027 చివర నుంచే సాయంత్రాల్లో కనబడటం మొదలుపెట్టి, 2028 మార్చిలో సూర్యుడు దిగాక మూడు గంటలకి పైగా పడమట నిలుస్తాడు. మబ్బులు లేని నెల, కొండలున్న ఊళ్లకి కూడా సరిపోయేంత ఎత్తు. నన్నడిగితే మన జిల్లాలకి 2026 ఆగస్టు కంటే అదే నయం. ఏప్రిల్ 3, 4 తేదీల్లో బైనాక్యులర్ సిద్ధంగా పెట్టుకోండి, కృత్తికలూ శుక్రుడూ ఒకే చూపులో పడతాయి.